పిలవని పేరంటం

అడవి జంతువుల్ని చూడటానికి వెళ్ళటంలో తప్పొప్పుల చర్చ ఏముంటుంది? తుపాకి పట్టటం లేదు, చెట్టు కొట్టటం లేదు. జీపులో కూచుని కళ్ళారా చూసి, నాలుగు ఫోటోలు తీసుకుని వచ్చెయ్యటమే. పైగా మనమిచ్చే డబ్బుతోనే ఆ జంతువులు బతుకుతున్నాయంటారు. ఇంత నిరపాయంగా కనిపించే పని చుట్టూ కొన్ని నెలలుగా నా ఆలోచనలు ఎందుకు ముసురుకుంటున్నాయో చెప్పుకోవటానికే ఈ వ్యాసం.

ముందు సందర్భం చెప్పాలి. ముగ్గురు స్నేహితురాళ్ళం వచ్చే ఫిబ్రవరిలో పది రోజులు తూర్పు ఆఫ్రికా వెళ్ళాలని మూడేళ్ళుగా డబ్బు దాచుకుంటున్నాం. ఒకామె బ్యాంకు ఉద్యోగి, ఒకామె డిగ్రీ కాలేజీలో లెక్చరర్, మూడోదాన్ని నేను. టాంజానియాలో అరూషా నుంచి బయల్దేరి గోరోంగోరో అగ్నిపర్వత బిలం, ఆ పైన సెరెంగెటి. ఫిబ్రవరే ఎందుకంటే, ఆ రోజుల్లో సెరెంగెటికి దక్షిణాన వున్న పచ్చిక బయళ్ళలో వైల్డ్‌బీస్ట్‌లు ఈనుతాయి. కొద్ది వారాల వ్యవధిలో లక్షలాది దూడలు పుడతాయి. పుట్టిన దూడ నిమిషాల్లో లేచి తల్లి వెంట పరుగెడుతుంది. దాన్ని చూడాలని మా కోరిక. ఎల్లో ఫీవర్ టీకా నారాయణగూడ ఐ.పి.ఎం.లో ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. చిన్న విమానాల్లో పదిహేను కిలోలకు మించి సామాను ఎక్కనివ్వరు, అదీ మెత్తటి సంచుల్లోనే. నీలం, నలుపు బట్టలు వద్దు, సెట్సీ ఈగలు ఆ రంగుల మీదకి వస్తాయి. ఇలాంటివన్నీ రాసుకున్న నోటుపుస్తకంలోనే ఇప్పుడు వేరే రకం ప్రశ్నలు కూడా చేరాయి.

సఫారీ అంటే స్వాహిలీలో ప్రయాణం. అరబ్బీ 'సఫర్' నుంచి వచ్చింది. హైదరాబాదులో ఉర్దూ చెవినబడుతూ పెరిగిన వాళ్ళకి ఆ మాట కొత్త కాదు. మొదట్లో దానికి జంతువులతో సంబంధం లేదు. సరుకులతో, కూలీలతో నడిచే బిడారుకు ఆ పేరు. తెల్లవాళ్ళు వేటకి బయల్దేరాకే ఆ మాట అర్థం కుదించుకుపోయింది. 1909లో అమెరికా అధ్యక్ష పదవి నుంచి దిగగానే థియొడోర్ రూజ్‌వెల్ట్ కొడుకుతో కలిసి ఇలాంటి సఫారీకే వెళ్ళాడు. తండ్రీకొడుకులు చంపిన జంతువులు 512. వాళ్ళ గుడారాలు, ఉప్పు మూటలు, పుస్తకాల పెట్టెలు మోసిన వాళ్ళు వందల సంఖ్యలో వున్నారు. జంతువుల లెక్క జాతుల వారీగా పుస్తకంలో వుంది. మోసిన వాళ్ళలో చాలామందికి పేర్లు కూడా లేవు. 1970ల్లో మన ఆఫీసర్లూ పెళ్ళికొడుకులూ ముచ్చటపడి కుట్టించుకున్న సఫారీ సూటు ఆ వేటగాడి బట్టల నుంచి దిగివచ్చిందే.

ఇప్పుడు తుపాకి స్థానంలోకి కెమెరా వచ్చింది. అది పెద్ద మార్పే, కాదనను. కెన్యా 1977లో వేటను నిషేధించింది కూడా. కానీ తుపాకి పోయినంత మాత్రాన ఆ చూపు మారిందా అన్నది వేరే ప్రశ్న. మాకు పంపిన ప్రయాణ ప్రణాళిక మొదటి పేజీలో 'మనిషి స్పర్శ సోకని ప్రకృతి' అని వుంది. మూడో రోజు కింద 'మసాయి గ్రామ సందర్శన, ఒక గంట' అని వుంది. మనిషే సోకని నేల మీద గ్రామం ఎలా వచ్చింది? అసలు మనిషి సోకితే అడవి మైలపడుతుందన్న ఊహ ఎక్కడిది? 'సోకటం', 'మైల' అన్న మాటలు మన దగ్గర ఎవరిని దూరం పెట్టటానికి వాడారో, వాడుతున్నారో తెలిసిన వాళ్ళం ఆ వాక్యాన్ని మామూలుగా చదివి పక్కన పెట్టలేం.

ఆ 'సోకని' నేల చరిత్ర చూద్దాం. 1890ల్లో రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి తూర్పు ఆఫ్రికాని ఊడ్చేసింది. ఇటలీ సైన్యం ఎర్ర సముద్ర తీరానికి తెప్పించుకున్న పశువులతో అది వచ్చిందనీ, ఆ పశువులు ఇండియా నుంచి వచ్చినవనీ చరిత్రకారులు చెబుతారు. మందలు మొత్తం చచ్చిపోయాయి. ఆ వెంటనే మశూచి, కరువు. పాడి మీద బతికే మసాయిల్లో ఎంతోమంది ఆకలితో పోయారు. యూరపు యాత్రికులు, అధికారులు వచ్చి 'ఎవరూ లేని విశాల మైదానాలు' అని రాసుకున్నవి ఆ చావుల తర్వాతి మైదానాలు. కాటకం మిగిల్చిన ఖాళీని వాళ్ళు ప్రకృతి సహజ స్థితి అనుకున్నారు. తర్వాత ఆ ఖాళీని అలాగే నిలబెట్టటం కోసం చట్టాలు చేశారు.

సెరెంగెటి 1951లో జాతీయ పార్కు అయింది. 1958లో కొందరు మసాయి పెద్దల చేత, అందరూ మగవాళ్ళే, ఆ మైదానాలు ఖాళీ చేస్తామన్న ఒప్పందం మీద సంతకాలు పెట్టించుకున్నారు. దానికి బదులుగా పక్కనున్న గోరోంగోరోలో బతకనిస్తామన్నారు. 1959లో గోరోంగోరో సంరక్షణ ప్రాంతం అలా ఏర్పడింది. అదే ఏడాది ఫ్రాంక్‌ఫర్ట్ జంతుప్రదర్శనశాల డైరెక్టర్ బెర్న్‌హార్డ్ గ్రిమెక్ సెరెంగెటి చనిపోకూడదంటూ తీసిన డాక్యుమెంటరీ ప్రపంచమంతా తిరిగింది, ఆస్కార్ కూడా తెచ్చుకుంది. ఆ సినిమా తీస్తుండగా విమానం కూలి ఆయన కొడుకు మైఖేల్ చనిపోయాడు. బిలం అంచున వున్న అతని సమాధి దగ్గర సఫారీ జీపులు ఆగుతాయి. ఆ తండ్రి దుఃఖం నిజం. జంతువుల మీద ఆయన ప్రేమా నిజమే. ఆ ప్రేమలో మసాయిలకు చోటు లేకపోవటం కూడా అంతే నిజం. 1970ల్లో బిలం అడుగు భాగం నుంచి మసాయిల్ని పంపించేశారు. 1975లో ఆ ప్రాంతంలో వ్యవసాయం నిషేధించారు. 1979లో అది ప్రపంచ వారసత్వ ప్రదేశం అయింది.

ఇక మన కాలం. 2022 జూన్‌లో, గోరోంగోరోకి ఉత్తరాన వున్న లోలియోండోలో 1500 చదరపు కిలోమీటర్ల మేత భూమి చుట్టూ ప్రభుత్వం హద్దురాళ్ళు పాతించింది. అడ్డుపడ్డ వాళ్ళ మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఒక పోలీసు కూడా చనిపోయాడు. గాయపడ్డ మసాయిలు సరిహద్దు దాటి కెన్యాలో వైద్యం చేయించుకున్నారు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కి చెందిన వేట కంపెనీ ఒకటి 1990ల తొలినాళ్ళ నుంచి ఆ భూముల్లో కార్యకలాపాలు సాగిస్తోంది. అంటే అక్కడ ఆవు మేస్తే పర్యావరణానికి ముప్పు, డబ్బిచ్చి సింహాన్ని చంపితే సంరక్షణ. అదే నెలలో గోరోంగోరో కుటుంబాల్ని దాదాపు 600 కిలోమీటర్ల దూరంలోని ఎంసోమెరా అనే గ్రామానికి తరలించటం మొదలైంది. 'స్వచ్ఛందంగా' అని ప్రభుత్వం అంటుంది. వున్నచోట బడికీ ఆసుపత్రికీ నిధులు ఆగిపోయాక తీసుకున్న నిర్ణయం ఎంత స్వచ్ఛందమో మనం ఊహించగలం. 2024 ఆగస్టులో వేలాది మసాయిలు పర్యాటకుల జీపులు వెళ్ళే రోడ్డు మీదకి వచ్చి నిలబడ్డారు. మా నోటుపుస్తకంలో రెండో రోజు వెళ్ళాల్సిన రోడ్డు అది.

ఇందులో స్త్రీలకి సంబంధించిన ప్రశ్న విడిగా వుందా? వుందనే అనుకుంటున్నాను. మసాయి సమాజంలో ఇల్లు కట్టేది ఆడవాళ్ళు. కొమ్మలు నరికి తెచ్చి, గుంజలు పాతి, మట్టీ పేడా కలిపి మెత్తేది వాళ్ళే. వాన పడితే ఇంటిపైకెక్కి కురిసేచోట పూత వేసేదీ వాళ్ళే. పాలు పిండేది, నీళ్ళు తెచ్చేది, ఆ పాల మీద ఇంట్లో అధికారం వుండేది వాళ్ళకి. పశువుల మీద, భూమి మీద నిర్ణయాలు మాత్రం మగవాళ్ళవి. అలాంటి చోట తరలింపు అంటే ఏమిటి? ఎంసోమెరాలో మూడు గదుల సిమెంటు ఇళ్ళు కట్టించామని ప్రభుత్వం చూపిస్తుంది. పేడ ఇంటి నుంచి సిమెంటు ఇంటికి రావటం ప్రగతి కదా అని మనలోనే కొందరు అనొచ్చు. తన చేతులతో కట్టుకున్న ఇంటి నుంచి, ఇంటి పెద్దగా భర్త పేరు రాసుకునే కాగితం మీది ఇంటికి మారిన స్త్రీకి అది ప్రగతో కాదో ఆమెని అడిగారా? పునరావాస కాలనీల్లో పట్టా ఎవరి పేర వస్తుందన్న ప్రశ్న పోలవరం ముంపు గ్రామాల దాకా మనం అడుగుతూ వచ్చిందే.

దీనికి అవతలి వైపు కూడా చూడాలి. మసాయి సమాజాన్ని ఆదర్శంగా చిత్రించటం నాకు ఇష్టం లేదు. బాల్యవివాహాలు వున్నాయి, ఆడపిల్లల జననాంగాల కోత చట్టం కాదన్నా ఆగలేదు, బహుభార్యత్వం వుంది. 'సంస్కృతి' పేరుతో వీటిని సమర్థించే మగ పెద్దలు అక్కడా వున్నారు, మన దగ్గర వున్నట్టే. ప్రభుత్వం, కొన్ని సంరక్షణ సంస్థలు ఈ విషయాన్నే వాడుకుంటాయి. అడవి నుంచి బయటికొస్తే ఆడపిల్లలు బాగుపడతారంటాయి. ఈ వాదనకి నాకు సరైన జవాబు దొరికింది లోలియోండో స్త్రీల దగ్గరే. అక్కడి మాండా న్గోయిటికో చిన్నప్పుడే కుదిర్చిన పెళ్ళిని కాదని చదువుకుంది. 1997లో మరికొందరు స్త్రీలతో కలిసి పశుపోషక స్త్రీల మండలిని స్థాపించింది. ఆడపిల్లల్ని బడికి పంపటం, స్త్రీల పేర పశువులు, భూమిలో హక్కు, ఇవి దాని పనులు. ఆ ప్రాంతపు స్త్రీలే 2010లో భూమిని కాపాడమంటూ గుమికూడి, అధికార పార్టీ సభ్యత్వ కార్డుల్ని తిరిగి ఇచ్చేశారు. తండ్రి కుదిర్చిన పెళ్ళిని వద్దన్న స్త్రీలూ, ప్రభుత్వం చూపించిన చోటుని వద్దన్న స్త్రీలూ వేరు వేరు కాదు. ఒక అణచివేత నుంచి విడిపించే నెపంతో ఇంకో అణచివేతను అంటగట్టటాన్ని వాళ్ళు ఒప్పుకోవటం లేదు.

అధికారంలో స్త్రీ వుంటే కథ మారుతుందన్న ఆశ కూడా ఇక్కడ నిలవదు. 2021 మార్చిలో సామియా సులుహు హసన్ టాంజానియా తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. దేశానికి పర్యాటకుల్ని రప్పించటం కోసం 'రాయల్ టూర్' అనే డాక్యుమెంటరీలో ఆమే స్వయంగా గైడుగా నటించారు. అది 2022 ఏప్రిల్‌లో విడుదలైంది. లోలియోండోలో హద్దురాళ్ళు పడింది ఆ తర్వాత రెండు నెలలకి. 2024 డిసెంబరులో ఆమె మసాయి నాయకులతో మాట్లాడి కమిషన్లు వేస్తామన్నారు. అది రోడ్డు మీదకి వచ్చిన జనం సాధించుకున్నది.

సాహిత్యం చదువుకున్న దాన్ని కాబట్టి ఆఫ్రికా నా మనసులోకి ఎలా వచ్చిందో కూడా చూసుకోవాలి. ఎం.ఏ.లో వుండగా మేం ఇష్టంగా చదివిన పుస్తకాల్లో కారెన్ బ్లిక్సెన్ 'అవుట్ ఆఫ్ ఆఫ్రికా' ఒకటి. 1914 నుంచి 1931 దాకా ఆమె నైరోబీ దగ్గర న్గాంగ్ కొండల కింద కాఫీ తోట నడిపింది. భర్తతో విడిపోయాక ఒంటరిగా నెట్టుకొచ్చింది. ఐజక్ డినెసెన్ అని మగ పేరుతో రాసింది. 1937లో పుస్తకం వచ్చింది, 1985లో హాలీవుడ్ సినిమా వచ్చింది. తన కాళ్ళ మీద నిలబడిన స్త్రీగా ఆమెను స్త్రీవాదులు చదివిన తీరులో సబబు వుంది. అయితే ఆ ఆరువేల ఎకరాలు ఎవరివి? అంతకుముందు నుంచీ అక్కడ వుంటున్న కికుయూలను ఆ చట్టం 'స్క్వాటర్లు' అంది, అంటే ఆక్రమణదారులు. సొంత నేల మీద వుండనిచ్చినందుకు ఏడాదిలో ఇన్ని రోజులని వాళ్ళు యజమానికి పని చెయ్యాలి. గూగీ వా థియోంగో ఆ పుస్తకాన్ని ఆఫ్రికా మీద వచ్చిన ప్రమాదకరమైన పుస్తకాల్లో ఒకటిగా చూశాడు. అందులో ప్రేమే ఎక్కువ, అందుకే ప్రమాదం అన్నది ఆయన విమర్శ సారాంశమని నేను అర్థం చేసుకున్నాను. జంతువుల్ని వర్ణించే మాటలతోనే మనుషుల్నీ వర్ణించే ప్రేమ అది. అదే కికుయూ సమాజం నుంచి వచ్చిన వంగారి మాతాయ్ తన ఆత్మకథలో ఒక అత్తి చెట్టు గురించి రాసింది. దాని కింద పుల్లలు కూడా ఏరవద్దని తల్లి చెప్పేదట. చెట్టు కొట్టేశాక పక్కనున్న ఊట ఎండిపోయింది. 1977లో ఆమె మొదలుపెట్టిన గ్రీన్‌బెల్ట్ ఉద్యమంలో మొక్కలు నాటింది పల్లెటూరి ఆడవాళ్ళు. ప్రకృతిని కాపాడటం బయటి నుంచి వెళ్ళి నేర్పాల్సిన విద్య కాదని చెప్పటానికి 2004 నాటి ఆమె నోబెల్ బహుమతి దాకా పోనక్కర్లేదు, ఆ తల్లి మాట చాలు.

ఇదంతా మా ముగ్గురి మధ్య చర్చకి వచ్చినప్పుడు, బ్యాంకులో పనిచేసే స్నేహితురాలు అడిగిన మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. పదకొండేళ్ళు మంచాన పడ్డ అత్తగారికి సేవ చేసిన మనిషి తను. "మగవాళ్ళు గోవా వెళ్ళినా బ్యాంకాక్ వెళ్ళినా ఇలాంటి ప్రశ్నలు వేసుకోరు. మనం జీవితంలో ఒక్కసారి గడప దాటదామంటే ప్రపంచంలోని పాపమంతా మనమే మొయ్యాలా? మానుకోవటం నాకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు" అంది.

ఈ మాటలో న్యాయం వుంది. స్త్రీల ప్రయాణం మనకి తేలిగ్గా రాలేదు. 1870ల్లోనే పోతం జానకమ్మ ఇంగ్లండు వెళ్ళొచ్చి తన ప్రయాణాన్ని రాసింది. నాయని కృష్ణకుమారి 'కాశ్మీర దీపకళిక' రాసేనాటికి కూడా ఆడవాళ్ళు ఆడవాళ్ళుగా కలిసి దూరం వెళ్ళటం వింతే. ఇవాళ్టికీ 'ఎవరితో వెళ్తున్నావ్?' అన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా టికెట్ కొనుక్కోగలిగే వాళ్ళం ఎందరం? మాకు దొరికిన ఈ పదిరోజుల్ని త్యాగం చెయ్యమనటం పితృస్వామ్యం ఎప్పుడూ చెప్పేదే. అపరాధ భావంతో ఇంట్లో కూచుంటే మసాయి స్త్రీకి ఒరిగేదేమీ లేదు. నా మనసు శుభ్రంగా వుందన్న తృప్తి మాత్రం నాకు మిగులుతుంది. ఆ తృప్తి కూడా ఒక విలాసమే.

పర్యాటకుల డబ్బు సంగతీ కొట్టిపారెయ్యలేం. కోవిడ్‌కి ముందు టాంజానియా స్థూల దేశీయోత్పత్తిలో దాదాపు 17 శాతం పర్యాటకానిది. 2020లో విమానాలు ఆగిపోగానే గైడ్లు, వంటవాళ్ళు, పూసలు అమ్మే స్త్రీలు, అడవి కాపలాదారులు అందరి బతుకూ ఆగింది. పార్కులు లేకపోయివుంటే ఆ నేల గోధుమ కంపెనీలకో గనులకో పోయేదన్న వాదనలో బలం వుంది. విమానం వదిలే పొగ గురించి కూడా మా మధ్య మాటలు నడిచాయి. ఏడాదికి పదిసార్లు ఎగిరే వాళ్ళ సంగతి తేలాక, జీవితంలో ఒకసారి ఎగిరే మా దగ్గరికి రండి అనుకుని దాన్ని పక్కన పెట్టాం.

అయితే వెళ్ళాలా మానాలా అన్న రూపంలోనే ఈ ప్రశ్నను పెట్టుకుంటే మనం ఎటూ కదలం. స్త్రీవాదం మనకిచ్చిన వాటిలో నేను అన్నిటికన్నా ఎక్కువగా వాడుకునేది 'వద్దు' అన్న మాట గురించిన ఆలోచన. వద్దనటానికి వీల్లేని చోట అన్న 'సరే'కి అర్థం లేదని పెళ్ళి విషయంలో, పడకగది విషయంలో, పని చేసే చోట మనం వాదించి గెలిచాం. కనీసం చట్టంలోకి కొంతైనా ఎక్కించాం. ఆతిథ్యానికి కూడా అదే వర్తిస్తుంది. పేరంటానికి పిలవాలంటే ఇంటావిడ గడప గడపకీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచేది. పిలవని పేరంటానికి పోవటం ఎంత తక్కువతనమో మన అమ్మమ్మలకి బాగా తెలుసు. ఆ పిలుపులోనే భర్త పోయినవాళ్ళనీ, కింది కులాలనీ వదిలేసే క్రూరత్వం కూడా వుందని మనకీ తెలుసు. పేరంటాన్ని నేను గొప్ప చెయ్యటం లేదు. తీసుకోవలసింది ఒకటే. పిలిచే ఇల్లు నాది కాబట్టి పిలవకపోయే హక్కు కూడా నాదే. మూడో రోజు గంటసేపు మేం చూడబోయే గ్రామంలో పాట పాడి పూసలమ్మే స్త్రీకి ఆ హక్కు వుందా? మా జీపు నచ్చకపోతే ఆమె 'ఇవాళ రావద్దు' అనగలదా? ఆ బిలాన్ని చూడటానికి మాకు అనుమతి ఇచ్చిందెవరు, అందులోంచి వెళ్ళగొట్టబడ్డ వాళ్ళ అభిప్రాయం ఏ కౌంటరు దగ్గర తీసుకున్నారు?

మేం గడప దాటే హక్కు కోసం ఇన్నేళ్ళు కొట్లాడాం. లోలియోండో స్త్రీలు గడప వదలకుండా వుండే హక్కు కోసం కొట్లాడుతున్నారు. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు నిలబడాల్సినవి కావు. మా టికెట్టు డబ్బు వాళ్ళను కదిలించే చేతికి వెళ్ళినప్పుడే అవి ఎదురవుతాయి.

ఈ కొలతతో చూస్తే కొన్ని దారులు కనిపించాయి. కెన్యాలో మసాయి మారా చుట్టూ 2000ల మధ్య నుంచి కన్సర్వెన్సీలు వచ్చాయి. భూమి పట్టాలున్న మసాయి కుటుంబాలు దాన్ని లీజుకిచ్చి నెలనెలా అద్దె తీసుకుంటాయి. లీజు ముగిస్తే కాదనే వీలు కాగితం మీదైనా వుంది. 2016లో మసాయిలే పెట్టుకున్న నషులాయిలో ఎవర్నీ కదల్చకుండా పశువులూ మనుషులూ అడవి జంతువులూ ఒకేచోట వుంటున్నారు. ఉత్తరాన సంబూరు ప్రాంతంలో ఉమోజా వుంది. అత్యాచారాలకు గురై, ఇళ్ళ నుంచి వెలివేయబడ్డ పదిహేనుమంది స్త్రీలు 1990లో రెబెకా లోలోసోలి నాయకత్వంలో కట్టుకున్న ఊరు. అక్కడ మగవాళ్ళు కాపురం వుండకూడదు. పూసల నగలు, నది ఒడ్డున నడిపే క్యాంపుసైటు వాళ్ళ ఆదాయం. ఎవరు ఉండాలో ఎవరు ఉండకూడదో ఆ స్త్రీలే నిర్ణయిస్తారు.

ఇవీ మచ్చలేనివి కావు. మారా పట్టాల్లో ఎక్కువ భాగం మగవాళ్ళ పేర్ల మీదే వున్నాయి, కాబట్టి అద్దె వాళ్ళ ఫోన్లలోకే వెళ్తుంది. ఉమోజా స్త్రీల బాధ కూడా పర్యాటకులకి ఒక చూడదగ్గ ప్రదేశంగా మారే ప్రమాదం వుంది. ముగ్గురు తెలుగు స్త్రీవాదులు వెళ్ళి అక్కాచెల్లెళ్ళ భావన గురించి నాలుగు పేజీలు రాసుకురావటం ఆ ప్రమాదంలో భాగమే. అయినా, రావద్దనగలిగిన ఇంటికి వెళ్ళటానికీ, ఇల్లే లేకుండా చేసిన చోటికి వెళ్ళటానికీ తేడా వుంది.

ఆఫ్రికా ఎందుకు, మన నల్లమల లేదా అని కూడా కొందరన్నారు. వుంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఫరహాబాద్ దగ్గర జీపు సఫారీ వుంది. చెంచు పెంటల్ని ఖాళీ చేయిస్తారన్న భయమూ వుంది. పులి అడుగుజాడలు కనిపెట్టటానికి అటవీశాఖ చెంచుల్నే నియమించుకుంటుంది, మళ్ళీ అదే అడవిలో వాళ్ళు వుండటం సమస్య అంటుంది. కవ్వాల్ కోర్ నుంచి మైసంపేట, రాంపూర్ గూడేలని ఇటీవలే బయటికి తరలించారు. మధ్యప్రదేశ్ కూనోలో గిర్ సింహాల కోసమని 24 గ్రామాలను, ఎక్కువగా సహరియా ఆదివాసీలను, ఖాళీ చేయించారు. ఆ సింహాలు రానేలేదు. 2022 సెప్టెంబరులో అదే నేలకి నమీబియా నుంచి విమానంలో చీతాలు వచ్చాయి. ఆఫ్రికా నుంచి జంతువుల్ని తెచ్చుకున్నాం గానీ, మనుషుల్ని తీసేసి అడవి తయారుచెయ్యటం తెలిసింది మనకి ఆ చీతాలతో కాదు. దగ్గరి అడవిని ఎంచుకుంటే ప్రశ్న చిన్నదవుతుందనుకోవటం పొరపాటు. అక్కడ అడగాల్సిన మనిషి మన భాషే మాట్లాడుతుంది కాబట్టి, అడగకపోవటానికి సాకు కూడా వుండదు.

ప్రస్తుతానికి మేం చేసింది ఇది. గోరోంగోరో, సెరెంగెటి మా కాగితంలోంచి తీసేశాం. తరలింపుల మీద అక్కడి ప్రజలతో ఒప్పందం కుదిరిందని వాళ్ళ నోటి నుంచి విన్న రోజున మళ్ళీ రాసుకుంటాం. దానితోపాటు వైల్డ్‌బీస్ట్ ఈనటాన్ని చూడటం కూడా పోయింది. చిన్న నష్టం కాదు. ఆ దూడలు లేచి నిలబడటం గురించి నేను ఎన్ని రాత్రులు ఊహించుకున్నానో నాకే తెలుసు. నషులాయి, ఉమోజా రాశాం. ట్రావెల్ ఏజెంటుకి ప్రతి బస గురించీ మూడు ప్రశ్నలు పంపాం. ఈ నేల ఎవరిది? అద్దె ఎవరి చేతికి, అందులో స్త్రీల చేతికెంత? వాళ్ళు వద్దంటే ఏం జరుగుతుంది? మొదటి రెండింటికి జవాబు వచ్చింది. మూడోదానికి 'మీ ప్రశ్న అర్థం కాలేదు' అని వచ్చింది. మళ్ళీ వివరంగా రాశాం.

లెక్చరర్ స్నేహితురాలు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఆ బిలం అంచున ఒక్కసారి నిలబడి కిందికి చూడాలని ఆమెకి చిన్నప్పటి నుంచీ వుంది. ఆమెను ఒప్పించే హక్కు నాకెంతవరకు వుందో నాకు తేలలేదు. టికెట్లు కొనటానికి ఇంకా టైముంది, మాట్లాడుకుంటున్నాం.